స్నేహితురాలి కోసం సింగపూర్: వచ్చే శనివారం వద్దు, రెండు జీతాలు ఆగండి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఉండేది శ్రీకాకుళంలో, పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. చేతికి 32,000 జీతం వస్తుంది. ఇంటి ఖర్చు, బంగారం లోను వడ్డీ, చిట్టీ 5,000 అన్నీ పోను నెలకు 10,000 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 38,000, బ్యాంకులో లక్ష రూపాయల ఎఫ్‌డీ ఉన్నాయి. చిన్నప్పటి స్నేహితురాలు సింగపూర్‌లో ఎంఎస్సీ చదువుతోంది. వచ్చే శని, ఆదివారాలు వచ్చెయ్యమంటోంది. విశాఖ నుంచి వెళ్లడానికి 7,200, రావడానికి 8,900 చూపిస్తోంది. పాస్‌పోర్టు ఉంది, వీసా లేదు. క్రెడిట్ కార్డు మీద కొని ఈఎంఐ పెట్టుకోనా? లేదంటే లక్ష రూపాయల చిట్టీ ఉంది, 20 నెలల్లో 8 కట్టాను, అది పాడేసుకోనా?

జవాబు: వెళ్లండి. కానీ వచ్చే శనివారం కాదు, కార్డు మీద కాదు, చిట్టీ పాడుకుని అసలే కాదు. రెండు జీతాలు ఆగితే ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, ఎఫ్‌డీ ముట్టుకోకుండా వెళ్లొస్తారు.

ముందు వీసా సంగతి. సింగపూర్‌కు మన పాస్‌పోర్టు మీద వీసా తప్పనిసరి. చాలామంది గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారానే పెట్టిస్తారు. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంటు చార్జీ. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. మామూలుగా మూడు పనిదినాల్లో తేలుతుంది గానీ అంతలోనే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. అదనంగా కాగితం అడిగితే మరికొన్ని రోజులు పడుతుంది. ‘మా ఫ్రెండ్ అక్కడే ఉంది, తనే పెట్టేస్తుంది’ అనుకోకండి. అక్కడి నుంచి మీ తరఫున దరఖాస్తు చేయాలంటే ఆ మనిషి సింగపూర్ పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. స్టూడెంట్ పాస్ మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. ఆఫర్ టికెట్ ఇవాళ కొనేసి వీసా శుక్రవారానికి రాకపోతే, ఆ 16,100లో చేతికొచ్చేది ఏదో కాస్త పన్నుల సొమ్మే. చవక టికెట్లకు రిఫండ్ ఉండదు. అందుకే ముందు వీసా, తర్వాతే టికెట్.

ఇక అసలు ఖర్చు. మీకు కనబడుతున్నది టికెట్ ధర, ప్రయాణం ధర కాదు. సింగపూర్ డాలరు 70 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. రానుపోను టికెట్, వెళ్లేటప్పుడు 20 కిలోల సామాను, ఆన్‌లైన్ చార్జీలు కలిపి 20,000. వీసా, ఏజెంటు చార్జీ 3,000. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి వంద కిలోమీటర్ల పైన. వేళకాని వేళ ట్యాక్సీ తీసుకుంటే రెండు వైపులా కలిపి కనీసం 3,000 పక్కన పెట్టుకోవాలి. డార్మిటరీలోనో క్యాప్సూల్ హోటల్‌లోనో రెండు రాత్రులకు 100 డాలర్లు, అంటే 7,000. హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోట్ల తింటే రోజుకు 25 డాలర్లు, మూడు రోజులకు 5,250. మెట్రో, బస్సులకు 2,200. టికెట్ పెట్టి చూసేది ఏదైనా ఒకటి, 3,500. ప్రయాణ బీమా, ఫోన్ డేటా 1,300. పట్టుకెళ్లే తినుబండారాలకు 1,000. ఇప్పటికి 46,250 అయింది. దీని మీద పది శాతం చేతిలో ఉంచుకోవాలి. మొత్తం 51,000 దాకా తేలుతుంది. టికెట్ చూసి 16,000 అనుకున్నది మూడింతలు దాటింది, మీ నెలన్నర జీతాన్ని మింగేస్తుంది.

బస ఎందుకు, స్నేహితురాలి గదిలోనే సర్దుకుంటాను అంటారేమో. అక్కడి యూనివర్సిటీ హాస్టళ్లలో మామూలుగా బయటివాళ్లను రాత్రి ఉండనివ్వరు. దొరికితే మీకేం కాదు, ఆమె గదికే ముప్పు. ఆమె బయట ఫ్లాట్‌లో అద్దెకుంటే ఇంటి యజమానిని అడిగి ‘సరే’ అనిపించుకోమనండి. అప్పుడు 7,000 మిగులుతుంది. నెట్‌లో ఎవరిదో ఇల్లు రెండు రాత్రులకు చవగ్గా కనబడితే ఆ జోలికి పోకండి. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలల కన్నా తక్కువకు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం.

చిట్టీ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఇప్పుడు 18,000 తగ్గించి పాడారనుకోండి, చేతికి 82,000 వస్తుంది. చివరిదాకా ఆగితే, కమిషన్ ఐదు శాతం అనుకున్నా, 95,000 వస్తుంది. అంటే 51,000 అవసరానికి 13,000 వదులుకుంటున్నారు. మిగతా 12 వాయిదాలు ఎలాగూ కట్టాల్సిందే. పైగా రిజిస్టర్డ్ చిట్టీ అయితే పాట మీకు దక్కినా ష్యూరిటీలు పెట్టి, కాగితాలు సరిచూశాకే సొమ్ము ఇస్తారు. శుక్రవారానికి అందే డబ్బు కాదది. ఆ చిట్టీని బంగారం విడిపించడానికి ఉంచుకోండి. దాని పని అదే.

కార్డు ఈఎంఐలో మరో చిక్కుంది. టికెట్ రూపాయల్లో కొంటారు కాబట్టి దాన్ని ఈఎంఐ చేసుకోవచ్చు. సింగపూర్ డాలర్లలో గీకిన ఖర్చును మాత్రం చాలా బ్యాంకులు ఈఎంఐగా మార్చవు. అది వచ్చే బిల్లులో ఒకేసారి వచ్చి పడుతుంది. పై లెక్కలో బస, తిండి, తిరుగుడు, చూసేవి కలిపి అలాంటి ఖర్చు 18,000 దాకా ఉంది. మామూలు కార్డులకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు చార్జీ, 3.5 శాతం ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. 18,000కు 743 రూపాయలు. బిల్లు పూర్తిగా కట్టలేక మినిమం కట్టి ఊరుకుంటే, నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ చొప్పున మొదటి నెల దాదాపు మళ్లీ అంతే. ఆ తర్వాత కొన్న సరుకుల మీద కూడా వడ్డీ లేని గడువు పోతుంది. ఇది ఎక్కువమందికి తెలియక దెబ్బతింటారు.

మరి ఎలా వెళ్లాలి? ఖాతాలోని 38,000లో 10,000 కదపకండి. 28,000 ప్రయాణానికి తీయండి. జీతం పడిన రోజునే 10,000 వేరే ఖాతాలో వేయండి, నెలాఖరున మిగిలితే చూద్దామనుకుంటే మిగలదు. రెండు నెలల్లో 48,000 అవుతుంది. తక్కువ పడే 3,000 కోసం విశాఖ దాకా ఆర్టీసీ బస్సులో వెళ్లండి, లేదా టికెట్ పెట్టి చూసే చోటు వదిలేయండి. బొటానిక్ గార్డెన్స్‌కు ప్రవేశం ఉచితం, గార్డెన్స్ బై ద బే బయటి తోటలకూ రుసుము లేదు. ఎఫ్‌డీ లక్ష మీ నాలుగున్నర నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి. దాన్ని అలాగే ఉంచండి.

తేదీ మీరు కాదు, మీ స్నేహితురాలు చెప్పాలి. అక్కడి పెద్ద యూనివర్సిటీల్లో సెమిస్టర్ నడుమ ఒక వారం క్లాసులుండవు, సెప్టెంబరు చివర్లో ఒకటి, ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో ఒకటి. నవంబరు చివర, ఏప్రిల్ చివర పరీక్షలు. అప్పుడు వెళ్తే ఆమెకు మీతో గంట కూర్చునే తీరిక ఉండదు. ఫార్ములా వన్ రేసు జరిగే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో హోటల్ ధరలు మండిపోతాయి, ఆ వారాంతం తప్పించండి. తేదీ కుదిరాక, ప్రయాణానికి నాలుగు వారాల ముందు వీసాకు పెట్టండి. నెల రోజుల కన్నా ముందు తీసుకోరు. వెళ్లే రోజుకు పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. వీసా చేతికొచ్చిన రోజే టికెట్ తీసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ఎక్కడుంటే అక్కడే కొట్టండి. తర్వాత మార్చాలంటే చార్జీ పడుతుంది. విమానం ఏ విమానాశ్రయం నుంచో కూడా టికెట్ మీద చూసుకోండి, భోగాపురం అయితే మీకు దారి బాగా తగ్గుతుంది. తిరుగు విమానం ఆలస్యమైతే షిఫ్ట్ పోతుంది, సోమవారానికి ముందే సెలవు రాయించుకోండి.

టికెట్, బస కలిపి ప్యాకేజీగా ఇస్తామని ఎవరైనా అంటే వద్దనండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు గానీ, వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలి. మీ జీతానికి కట్టాల్సిన పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేయకుండా ఊరుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా కొనుక్కుంటే ఈ గొడవే లేదు.

డబ్బు చేతిలో ఎలా ఉండాలంటే: మొత్తం 150 సింగపూర్ డాలర్లు నోట్ల రూపంలో విశాఖలో బ్యాంకులోనో అధికారిక మనీ ఛేంజర్ దగ్గరో ముందే కొనండి, విమానాశ్రయం కౌంటర్లో డాలరుకు ఎక్కువ రూపాయలు తీసుకుంటారు. ఈ కాస్త మొత్తానికి జీఎస్టీ 45 రూపాయలే. మిగతాది కార్డు. మూడు రోజుల కోసం కొత్తగా ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) తీసుకోనక్కర్లేదు, జారీ చార్జీకే లాభం పోతుంది. మన కార్డులకు విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి. యాప్‌లో తెరిచి, రోజుకు 15,000 పరిమితి పెట్టండి, తిరిగొచ్చాక మూసేయండి. కార్డు మిషన్ మీద ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడుగుతుంది. రూపాయలు చూడగానే ఊరటగా ఉంటుంది గానీ, నొక్కాల్సింది డాలర్లే. రూపాయలు నొక్కితే దుకాణం వైపు నుంచి ఎక్కువ రేటు పడుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయొద్దు, ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మెట్రోలో మన కార్డు తాకించి వెళ్లొచ్చు, వాడిన రోజుకు 60 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఓటీపీల కోసం సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోండి.

మీరు వెళ్తున్నారని తెలిస్తే స్నేహితురాలి అమ్మగారు డబ్బాలు పంపకుండా ఉండరు. పలాస జీడిపప్పు, అరిసెలు, ఆవకాయ తీసుకెళ్లండి. నూనె కారకుండా ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్-ఇన్ బ్యాగులో సర్దండి. కోడి పచ్చడి మాత్రం వద్దు, మన దగ్గర నుంచి మాంసం పదార్థాలు రానివ్వరు. ఇంకోటి మరీ ముఖ్యం: గసగసాలు సింగపూర్‌లో నిషేధం. ఇంట్లో దంచిన మసాలా పొడిలో అవి పడ్డాయేమో అమ్మగారిని నేరుగా అడగండి. తెలియక తెచ్చాను అంటే కుదరదు. సామానులో సగం ఆ ఇంటివే అయితే, బ్యాగేజీ డబ్బులో సగం వాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

ప్రయాణానికి మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్‌లో అడుగుపెట్టేవాళ్లు వివరాలిచ్చే ఫారం, ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. నింపిపెడతామని డబ్బులడిగే వెబ్‌సైట్లు చాలానే ఉన్నాయి, సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ సొంత సైటులోనే నింపండి.