తుప్పు పట్టిన హెరాల్డ్ కొనొచ్చా? బేరానికి ముందు వేలూరు వెళ్లి రండి

ప్రశ్న: మాది తిరుపతి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో తెలిసినవాళ్ల ఇంటి వెనక షెడ్డులో 1968 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ముప్పై ఏళ్లుగా కదలకుండా ఉంది. ఫ్లోరు తుప్పు పట్టి చిల్లులు పడింది. వేలూరు రిజిస్ట్రేషన్. ఆర్సీ బుక్కు ఉంది గానీ సగం చెదలు తినేశాయి. కారు ఎవరి పేరుతో ఉందో ఆయన చనిపోయారు. పెద్దకొడుకు లక్షా ఇరవై వేలకు ఇస్తానని, స్టాంపు పేపరు మీద రాసిస్తానని అంటున్నాడు. పాత ఇంజిన్ తీసేసి మారుతి ఇంజిన్ పెడితే తక్కువలో అయిపోతుందని మెకానిక్ సలహా. పదిహేనేళ్లు దాటిన బండ్లు ప్రభుత్వం తుక్కు కింద లాక్కుంటుందని మా అబ్బాయి భయపెడుతున్నాడు. మా నాన్నగారికి ఇదే మోడల్ కారు ఉండేది. ఎనభై నాలుగేళ్ల మా అమ్మను ఒక్కసారైనా అందులో కొండకు తీసుకెళ్లాలని ఆశ. కొనమంటారా?

జవాబు: కొనండి. కానీ ఆ పెద్దకొడుకు చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు. స్టాంపు పేపరు రాయించుకుని డబ్బు చేతిలో పెట్టి బండిని లారీ ఎక్కించుకొస్తే, మీకు దక్కేది కారు ఆకారంలో ఉన్న ఇనుము. మీకు కావలసింది అమ్మగారిని కూర్చోబెట్టుకుని రోడ్డు మీద తిప్పగలిగే కారు. ఈ రెండింటికీ తేడా తెచ్చేది రిజిస్ట్రేషన్ రికార్డు. మీ ప్రశ్నలో తుప్పు గురించి, ఇంజిన్ గురించి ఉంది గానీ, ఆ రికార్డు ఇంకా బతికి ఉందా అన్న మాట లేదు. నేను మొదలుపెట్టేది అక్కడినుంచే.

ముందు మీ అబ్బాయి భయం తీరుద్దాం. సొంత వాడకం కారును వయసు దాటిందన్న ఒక్క కారణంతో తుక్కు చేయాలన్న చట్టం మన రాష్ట్రంలో లేదు. పది, పదిహేనేళ్ల కట్టడి ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. పదిహేనేళ్లు దాటితే రెన్యువల్ చేయరాదన్న 2023 నాటి నిబంధన ప్రభుత్వ వాహనాలకు. మనకు వర్తించేది మోటారు వాహనాల చట్టం 1988లోని 41వ సెక్షన్. ప్రైవేటు కారు ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన బండిని చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవచ్చు. ఈ చట్టం రాకముందు ఇచ్చిన ఆర్సీలకూ ఇదే లెక్క. అంటే 1968 నాటి బుక్కులో తర్వాత రెన్యువల్ ముద్ర ఏదీ లేకపోతే, అది ఏనాడో చెల్లకుండా పోయినట్టే. చెల్లకపోవడం వేరు, రద్దు కావడం వేరు. చెల్లనిదాన్ని బతికించుకోవచ్చు. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు రూ.10,000. ఆలస్యానికి నెలకు రూ.500 అదనం. ఈ ఆలస్యాన్ని ఎప్పటినుంచి లెక్కగడతారో ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి మొత్తం తెలుసుకోండి. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్సు, తమిళనాడు నుంచి మన రాష్ట్రానికి మార్చినందుకు లైఫ్ ట్యాక్సు విడిగా ఉంటాయి. బేరం ఆడేటప్పుడు ఈ ఖర్చంతా కారు ధరలో భాగమే అనుకోండి.

ఇప్పుడు పెద్దకొడుకు సంగతి. ఆయనకు తమ్ముళ్లున్నారా? అక్కచెల్లెళ్లు? తల్లి బతికే ఉన్నారా? వీలునామా రాయకుండా పోయిన హిందువు ఆస్తి, కారైనా సరే, హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి ఉంటే ఆమెకు సమానంగా వస్తుంది. పెద్దకొడుకు అమ్మగలిగేది తన వాటా మాత్రమే. తనకు లేని హక్కును అమ్మేవాడు కొనేవాడికి ఇవ్వలేడని వస్తు విక్రయ చట్టం 1930, 27వ సెక్షన్ చెబుతుంది. లాయరుగా నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే ఒక ఇంటి పెద్దకొడుకు దగ్గర పాత కారు కొని, ఏడాది పాటు టింకరింగు చేయించి, రంగు వేయించి, దసరాకి పూజ చేసి వీధిలోకి తెచ్చారు. మెరిసే కారు చూశాక ఆ పెద్దకొడుకు చెల్లెలికి తన వాటా గుర్తొచ్చింది, నోటీసు వచ్చింది. షెడ్డులో కుళ్లుతున్నప్పుడు ఎవరికీ పట్టని బండి బాగయ్యాక అందరిదీ అవుతుంది. కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగిలిన వారసులందరి నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు ఇప్పుడే తీసుకోండి. వీటితో ఫారం 31 పెట్టి ముందు బండి వారసుల పేరుకు మారాలి. మీ పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 దాని తర్వాతే. చనిపోయిన మనిషి సంతకంతో పాత తేదీ వేసిన ఫారాలు ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. అది ఫోర్జరీ. దాన్ని వాడిన మీరూ అందులో ముద్దాయి అవుతారు.

వేలూరు ప్రయాణం ఎందుకంటే, అసలు రికార్డు అక్కడ ఉంది. చిత్తూరు నుంచి గంట దారి. 1968లో అది మద్రాసు రాష్ట్రం, ఉత్తర ఆర్కాటు జిల్లా. తమిళనాడు అన్న పేరే 1969 జనవరిలో వచ్చింది. తర్వాత జిల్లా విడిపోయింది, 2019లో రాణిపేట, తిరుపత్తూరు వేరయ్యాయి. మీ నంబరు పాత రిజిస్టరు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో మొదట తేల్చుకోవాలి. అంత పాత బండి వివరాలు ఆన్‌లైన్‌లో ఉండవు. ఆఫీసువాళ్లు రిజిస్టరు తీసి చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది జరగనిదే, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని అక్కడివాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ రాదు, ఇక్కడ ఏ దరఖాస్తూ కదలదు. చెదలు తిన్న బుక్కుకు బదులు ఫారం 26తో డూప్లికేటు తీసుకోవచ్చు.

అక్కడ మీరు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఈ రిజిస్ట్రేషన్ మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ కింద ఎప్పుడైనా రద్దయిందా? బండి ఇక పనికిరాదని పాత యజమానే ఏనాడో రాసిచ్చి ఉండొచ్చు. పన్ను కట్టక్కర్లేదని అలా చేసేవాళ్లు. రద్దయి ఉంటే ఈ కారు కొనవద్దు, ధర పదివేలకు దిగినా వద్దు. రద్దు కాలేదని, బాకీలు లేవని తేలితే వారసుల చేత ఫారం 28 పెట్టించి ఎన్‌ఓసీ అడగండి. అదే చట్టం 48వ సెక్షన్ ప్రకారం అధికారి 30 రోజుల్లో ఇవ్వడమో, కారణం రాసి తిరస్కరించడమో చేయాలి. ఏదీ చేయకపోతే ఇచ్చినట్టే లెక్క. అయినా చేతిలో కాగితం లేకుండా మన ఆఫీసుకు వెళ్తే పని కాదు, రసీదు పట్టుకుని మళ్లీ తిరగండి. రెన్యువల్ దరఖాస్తు, అంటే ఫారం 25, బండి ఉన్న ప్రాంతపు అధికారికి పెట్టాలి. మీ బండి చిత్తూరులో ఉంది, రికార్డు వేలూరులో ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది రెండు ఆఫీసుల్లోనూ అడిగి రాసుకోండి. మనవాళ్లు ఎక్కువగా అలిసిపోయి వదిలేసేది ఇక్కడే.

ఇక తుప్పు. హెరాల్డ్‌కు ఛాసిస్ ఫ్రేము విడిగా ఉంటుంది, బాడీని దాని మీద బోల్టులతో బిగిస్తారు. అంబాసిడర్, పద్మిని అలా కాదు, వాటిలో బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి మీ బండికి ఫ్లోరు చిల్లులు పెద్ద కష్టం కాదు, రేకు కోసి పాచ్ వేయొచ్చు. కింద ఫ్రేము ఎలా ఉందో చూపించండి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగుతోందా అని. లాయరుగా నాకు పట్టేది మాత్రం ఆ ఫ్రేములో, ప్లేటులో ఉన్న ఛాసిస్ నంబరు. బేరం కుదరకముందే దాన్ని కిరోసిన్‌తో మెల్లగా తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి, ఆర్సీతో, వేలూరు రిజిస్టరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంజిన్ నంబరు కూడా. గ్రైండర్ అక్కడ పెట్టనివ్వకండి. నంబరు ఉన్న ముక్క తుప్పు పట్టిందని కోసి పారేసిన టింకరు మీకు సాయం చేసినట్టు కాదు. నంబరు సగం అరిగి ఉంటే అలాగే ఫోటోలు తీసి, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుకు, మనవాళ్ల భాషలో బ్రేకు ఇన్‌స్పెక్టరుకు, చూపించి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే మళ్లీ పంచ్ చేయించాలి. అనుమతి లేకుండా కొట్టించిన నంబరు దొంగబండి నంబరులాగే కనిపిస్తుంది. అసలు నంబరే దొరకకపోతే ఇక్కడితో ఆపేయండి.

మారుతి ఇంజిన్ మాట మరిచిపోండి. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, అలాంటి మార్పుకు వీల్లేదని తేల్చింది. పాత 948 సీసీ ఇంజిన్‌నే బోరు చేయించండి, లేదా ముందుగా అనుమతి తీసుకుని అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ పెట్టి కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించండి. మెకానిక్ చెప్పిన తక్కువ ఖర్చు తనిఖీ రోజున, లేదా ప్రమాదం జరిగి బీమా కంపెనీ చేతులెత్తేసిన రోజున, మీ మీద పడుతుంది. రంగు మార్చినా ఆర్సీలో నమోదు చేయించాలి.

యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద పెట్టుకోండని ఎవరైనా అనొచ్చు. 2021లో ఆ నిబంధనలు వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని బండికే ఇస్తారు. కానీ ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా తిప్పకూడదు. అమ్మగారితో అలిపిరి దాటి ఘాట్‌రోడ్డు ఎక్కడం ఆ జాబితాలో లేదు. మీకు సరిపడేది ఐదేళ్ల మామూలు రెన్యువలే.

డబ్బు విషయం. పదో ఇరవయ్యో వేలు అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇచ్చి, వారసులందరి సంతకాలతో అగ్రిమెంటు రాసుకోండి. ఫలానా తేదీలోగా ఎన్‌ఓసీ రాకపోయినా, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు తేలినా అడ్వాన్సు తిరిగిస్తామని అందులో స్పష్టంగా ఉండాలి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు అందులో రాయండి. మిగతా సొమ్ము ఎన్‌ఓసీ చేతికొచ్చాక. పేరు మార్పిడి దరఖాస్తు కొన్న 30 రోజుల్లో మీరు పెట్టాలి. దీన్ని అమ్మేవాళ్లకూ వివరించండి, వాళ్లకూ మేలు: ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఇది తెలిస్తే అఫిడవిట్లకు ఇంట్లో ఎవరూ బెట్టు చేయరు. రెన్యువల్, థర్డ్ పార్టీ బీమా అయ్యేదాకా బండిని నడిపి చూడాలన్న ఆశ ఆపుకోండి. చిత్తూరు నుంచి తిరుపతికి లారీ మీదే తేవాలి.

మెకానిక్‌తో కూడా కాగితం రాసుకోండి: ఏ పని, ఎంత, ఎన్ని నెలల్లో. చేసిన పనికి కూలి ఇచ్చేదాకా బండిని తన దగ్గరే ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఆయనకిచ్చింది. లెక్క నోటిమాట మీద ఉంటే ఆ హక్కుతో మీ బండి ఆయన షెడ్డులో ఇంకో పదేళ్లు ఉంటుంది. పని చెడగొడితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల్లోపు అయితే ఫీజు కూడా లేదు. కారు అమ్మినవాళ్ల మీద మాత్రం ఆ దారి ఉండదు, వాళ్లు వ్యాపారులు కారు. అందుకే వాళ్లతో అగ్రిమెంటు అంత గట్టిగా ఉండాలన్నాను.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా చేయగలిగిన పనే. గ్రీమ్స్‌పేట వెళ్లి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి, చెదలు తిన్న ఆర్సీకి ప్రతి పేజీ ఫోటో తీయండి, వారసుల్లో ఒకరిని వెంటబెట్టుకుని వేలూరు బస్సెక్కండి. రిజిస్టరులో ఆ నంబరు కనిపించి, పక్కన రద్దు అన్న మాట లేకపోతే నాకు మళ్లీ రాయండి. అగ్రిమెంటు ముసాయిదా నేను చూసి పెడతాను.