చేప అండకణంలో ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ, ఎంజైములు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

అండాశయాన్ని పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో పదార్థాన్నే పట్టుకునే రంగు వేస్తారు. మిథైల్ గ్రీన్-పైరోనిన్ అనే రెండు రంగుల మిశ్రమం వేస్తే ఆర్‌ఎన్‌ఏ ఎర్రగా, డీఎన్‌ఏ ఆకుపచ్చగా కనిపిస్తాయి. జీబ్రాఫిష్, కార్ప్ చేపల లేత అండకణాల్లో సైటోప్లాజం (కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) అంతా ముదురు ఎరుపు. కేంద్రకం అంచు వెంబడి న్యూక్లియోలస్‌లు చుక్కల్లా వరుస కట్టి ఉంటాయి. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల తయారీ మొదలయ్యేది అక్కడే. తర్వాత పచ్చసొన నిండేకొద్దీ ఆ ఎరుపు పలచబడుతుంది. ఆర్‌ఎన్‌ఏ మాయమైందని కాదు, పెద్ద కణంలో చెదిరిపోయిందంతే.

కంటికి కనిపించిన ఎరుపునల్లా నమ్మకూడదు. పక్క ముక్క ఉన్న స్లైడుకి ముందే రైబోన్యూక్లియేజ్ (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైము) పెట్టి, తర్వాత రంగు వేయాలి. అక్కడ ఎరుపు పోతేనే అది ఆర్‌ఎన్‌ఏ. నా దృష్టిలో ఈ కంట్రోల్ (సరిచూసుకునే పరీక్ష) లేని ఫొటోకి విలువ లేదు.

డీఎన్‌ఏకి మాత్రమే రంగు పట్టించే ఫోయిల్గెన్ పద్ధతి ఉంది. కానీ ఉబ్బిన కేంద్రకంలో క్రోమోజోములు పలచగా పరుచుకుంటాయి కాబట్టి రంగు చాలా లేతగా వస్తుంది.

ఎంజైముల సంగతి వేరు. ముక్కలు కోయడానికి మామూలుగా కణజాలాన్ని కరిగిన పారఫిన్ మైనంలో పెడతారు, ఆ వేడికి చాలా ఎంజైములు పనిచేయకుండా పోతాయి, అందుకే గడ్డకట్టించిన ముక్కలు వాడతారు. ఎంజైముకి దాని సబ్‌స్ట్రేట్ (అది పనిచేసే పదార్థం) ఇచ్చి, పుట్టిన పదార్థం అక్కడికక్కడే రంగుగా పేరుకునేలా చేస్తారు. ఉదాహరణకి, గొమోరి పద్ధతిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉన్నచోట నల్లటి కోబాల్ట్ సల్ఫైడ్ మిగులుతుంది.