సైకిల్ సందేహాలు: మిట్ట ఎక్కించేది తక్కువ బరువా, చిన్న గేరా?

ఈసారి ఉత్తరాలన్నీ ఎంటీబీ (కొండదారుల సైకిల్) బరువు చుట్టూనే తిరిగాయి. ఒకే తరహావి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాది అల్యూమినియం ఫ్రేము ఎంటీబీ, 27.5 అంగుళాల చక్రాలు, 7 గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి). తూస్తే 15.5 కిలోలు వచ్చింది. నా బరువు 72. ఆదివారాలు గువ్వలచెరువు ఘాట్ వైపు పోతుంటాం. మిట్ట వచ్చిందంటే నేనే వెనకబడతా. మా జట్టులో ఒకరిది 13 కిలోల బండి. నాది అమ్మేసి అలాంటిది కొనుక్కోమంటున్నారు. కొనమంటారా?
— కడప పాఠకుడు

జవాబు: అప్పుడే అమ్మకండి. మిట్ట ఎక్కేది సైకిలొక్కటే కాదు కదా, మీరూ ఎక్కాలి. మీ 72, బండి 15.5, హెల్మెట్టు, బూట్లు, లీటరున్నర నీళ్లు, పంపు, పనిముట్ల సంచి కలిపి ఇంకో రెండున్నర. మొత్తం 90 కిలోలు. అందులో రెండున్నర తగ్గితే నూటికి 2.8 పాళ్లు తగ్గినట్టు. కాళ్లలో సత్తువ అంతే ఉంటే అరగంట మిట్టలో మీకు మిగిలేది 50 సెకన్లు. చదును రోడ్డు మీద అదీ మిగలదు. అక్కడ పోరాటమంతా ఎదురుగాలితో, టైరు రాపిడితో.

మీరు వెనకబడడానికి కారణం గేర్లలో ఉందేమో చూడండి. వెనక చక్రం దగ్గర కూర్చుని పళ్లు లెక్కపెట్టండి. ఈ తరగతి బళ్లలో కొన్నిటికి ముందు చిన్న పళ్లచక్రం 28, వెనక పెద్దది కూడా 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టు తిరిగి 2.17 మీటర్లు పోతుంది. నూరు మీటర్లకు 8 మీటర్లు లేచే మిట్టలో ఈ గేరు మీద నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే సుమారు 190 వాట్ల శక్తి పెట్టాలి. రోజూ తొక్కనివాళ్లు దాన్ని పది నిమిషాలు నిలబెట్టడం కష్టం. వెనక 34 పళ్లది ఉంటే అవే 60 చుట్లకు 157 వాట్లు చాలు. బండి నెమ్మదిస్తుంది, నిజమే. కానీ మోకాళ్లు పట్టేసి, దిగి నెట్టుకుంటూ పోయే పని ఉండదు. అదే గేర్లు పాతవే ఉంచి రెండున్నర కిలోలు తగ్గించారనుకోండి, 190 కాస్తా 185 అవుతుంది. ఏది ముందు చేయాలో ఈ రెండు అంకెలే చెప్తాయి.

7 గేర్ల ఫ్రీవీల్‌లో 14-28 పళ్లది తీసి 14-34 పళ్లది వేయించండి. అడగాల్సినవి మూడున్నాయి. ఒకటి, వెనక డిరైలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకోదాని మీదికి జరిపేది) 34 పళ్ల దాకా పనిచేసే రకమేనా అని. రెండు, చైను పొడవు. ముందు పెద్ద పళ్లచక్రం, వెనక 34 మీదికి చైను ఎక్కించి చూస్తే డిరైలర్ చెయ్యి ఇంకా కొంచెం వంగే స్థితిలో ఉండాలి. బిగుసుకుపోయి ముందుకు లాగేస్తుంటే చైను చాలదు, లింకులు కలపాలి. చాలని చైనుతో పరధ్యానంగా ఆ గేరు వేశారంటే హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టించే ముక్క) వంగుతుంది, డిరైలర్ స్పోకుల్లోకి పోతుంది. మూడు, డిరైలర్‌కూ పళ్లచక్రానికీ మధ్య సందును సరిచేసే బి-స్క్రూ. అది బిగించకపోతే డిరైలర్ పై చక్రం 34 పళ్లకు తగిలి గరగరమంటుంది. ఫ్రీవీల్ విప్పడానికి సరైన టూలూ వైసూ ఉన్న షాపుకే వెళ్లండి. తొక్కినకొద్దీ మరింత బిగిసే మర అది. ఉలి పెట్టి కొట్టే చోట లోపలి గాళ్లు అరిగి, చివరికి హబ్బే మార్చాల్సి వస్తుంది.

ఇక ఖర్చు లేకుండా తగ్గే బరువు. పక్క స్టాండు 400 నుంచి 500 గ్రాములు. ఇనుప క్యారియర్, బుట్ట, జెల్ కవరు మీద ఇంకో జెల్ కవరు... ఇవన్నీ తీస్తే కిలో దాకా పోతుంది. చక్రం పైకెత్తి తిప్పి, డిస్కు బ్రేకు ప్యాడుకు రాస్తోందేమో కూడా చూడండి. రాసే బ్రేకుతో ఘాట్ ఎక్కడమంటే అనవసరంగా బరువు మోయడమే. గువ్వలచెరువులో ఆగి తినే పాలకోవా మాత్రం లెక్కలో వేయం.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు, 32 కిలోలు. రెండు షాకర్ల 24 అంగుళాల సైకిల్ కొనిచ్చాం. 17 కిలోలుంది. నాలుగు రోజులు తొక్కి మూలన పెట్టేశాడు. బద్ధకమనుకోవాలా?
— ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

జవాబు: బద్ధకం కాదమ్మా. పైనున్న కడప పాఠకుడికి బరువు పెద్ద విషయం కాదని చెప్పాం, మీ బాబు విషయంలో అదే మాట చెల్లదు. బండి వాడి బరువులో సగానికి మించి ఉంది. 72 కిలోల మనిషికి 38 కిలోల సైకిల్ ఇచ్చి మిట్ట ఎక్కమన్నట్టు. మనిషి ఎంత తేలికైతే బండి బరువు అంత పట్టించుకోవాలి. వాడూ బండీ కలిపి 49 కిలోలు. బండిలో 5 కిలోలు తగ్గితే నూటికి 10 పాళ్లు తగ్గినట్టు. అది పిల్లవాడికి మొదటి రోజే తెలుస్తుంది.

తక్కువ ధర బళ్లలో వెనక షాకర్ అంటే ఒట్టి స్ప్రింగే. కుదుపును మింగి నెమ్మదిగా వదిలే ఏర్పాటు దానిలో ఉండదు. తొక్కిన ప్రతిసారీ సీటు కిందికీ పైకీ ఊగుతుంది, కాలి బలంలో కొంత ఆ ఊపుకే పోతుంది. కొన్నాళ్లకు కీలు దగ్గరి బుష్షు అరిగి వెనక చక్రం పక్కలకు ఆడుతుంది. దాన్ని బాగుచేయడానికి సామాను దొరకదు.

మార్చుకునే వీలుంటే షాకర్లు అసలే లేనిది చూడండి. 24 అంగుళాల చక్రాలు, ముందు ఒకటే పళ్లచక్రం, వెనక 7 గేర్లు, బరువు 12, మహా అయితే 13 కిలోలు. షాపులో మూడు చూడాలి: బండి మీద నిలబడితే రెండు పాదాలూ పూర్తిగా ఆని, పై గొట్టానికీ వాడికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బ్రేకు లివరు వేళ్లకు అందాలి, అందకపోతే లివరు దగ్గరి చిన్న స్క్రూ తిప్పితే దగ్గరికొస్తుంది. క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) మీద 152 అని ఉంటే మంచిది, 170 అయితే ఈ వయసు మోకాళ్లకు పొడవెక్కువ. “పెద్దయ్యాక కూడా పనికొస్తుంది” అని 26 అంగుళాలది తీసుకుంటే మళ్లీ మూలకే.

మార్చలేకపోతే సీటు ఎత్తు సరిచేయండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే మోకాలు నిటారుగా రావాలి. చాలామంది పిల్లల సీటు అరడుగు కిందికి ఉంటుంది.

ప్రశ్న: చేల గట్ల మీద, బండి బాటల మీద తొక్కుతా. వారానికి రెండు పంక్చర్లు. దళసరి ట్యూబులు వేద్దామంటే, చక్రంలో పెరిగే బరువు రెండింతలు లెక్క అంటున్నారు. నిజమేనా?
— కళ్యాణదుర్గం పాఠకుడు

జవాబు: సగం నిజం. అంచున తిరిగే బరువు వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండింతలుగా పనిచేస్తుంది. ఒకే వేగంతో మిట్ట ఎక్కేటప్పుడు మామూలు బరువే. రెండు చక్రాల్లో కలిపి 300 గ్రాములు పెరిగినా, మనిషీ బండీ కలిసి 90 కిలోలనుకుంటే ఆ మొత్తం మీద అదెంత? బ్రేకు వేసి మళ్లీ లేపే ప్రతి మలుపులో కాస్త తెలుస్తుంది, అంతే. వారానికి రెండుసార్లు ఎండలో కూర్చుని ట్యూబు పీకే బాధతో పోలిస్తే లెక్కలోకి రాదు.

అయితే దళసరి ట్యూబు మంచి మందు కాదు. మీ దగ్గర శత్రువు పల్లేరుకాయ. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే నిలబడే కాయ అది. శెనక్కాయ చేల గట్ల మీద ఒక్క గజం పోతే టైరుకు నాలుగైదు అంటుకుంటాయి. దాని తర్వాత కంపచెట్టు ముల్లు. అది పొడవైనది, ఎంత దళసరి ట్యూబునైనా దాటుతుంది.

ట్యూబ్‌లెస్ చేసుకోవడం సరైన దారి. రిమ్మూ టైరూ రెండూ ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేవని రాసి ఉండాలి. రిమ్ము లోపల స్పిరిటుతో తుడిచి, టేపు సాగదీస్తూ అంటించండి. వాల్వు రంధ్రం దాటి ఒక జానెడు దాకా ఒకదాని మీద ఒకటి పడాలి. గాలి మెల్లగా దిగిపోయే బళ్లలో చాలావాటి తప్పు ఈ టేపులోనే ఉంటుంది. వాల్వు బిగించి, టైరు అంచులకు సబ్బునీళ్లు రాసి, మొదట సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) లేకుండానే కంప్రెసర్‌తో గాలి పెట్టండి. రెండు వైపులా టప్ టప్‌మని అంచులు కూర్చున్న శబ్దం వినాలి. అప్పుడు గాలి వదిలి, వాల్వు లోపలి పిన్ను తీసి, టైరుకు 100 మిల్లీలీటర్ల సీలెంట్ పోయండి. మళ్లీ గాలి పెట్టి, చక్రాన్ని అడ్డంగా పట్టుకుని అన్ని వైపులా వంచుతూ ఊపండి. 2.25 అంగుళాల వెడల్పు టైరుకు మామూలు బరువున్న మనిషి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో మొదలుపెట్టి, రాళ్లకు రిమ్ము తగులుతుంటే రెండేసి పెంచుకోవచ్చు. మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా రెండు నెలలకోసారి 50 మిల్లీలీటర్లు కలపండి. టైరు ఊపితే లోపల కలకల నీళ్ల శబ్దం రాకపోతే ఎండిందని గుర్తు.

ట్యూబులతోనే కొనసాగితే ఒక్క జాగ్రత్త. పంక్చర్ వేశాక కొత్త ట్యూబు పెట్టేముందు టైరు లోపలంతా దూది ఉండ పెట్టి తుడవండి. పల్లేరు కొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, వేలికి తెలియదు, దూది మాత్రం దానికి చిక్కుకుంటుంది. వారానికి రెండో పంక్చర్ చాలాసార్లు మొదటి ముల్లు చేసిందే. గాలి కూడా రోడ్డు పక్క షాపువాళ్లు కొట్టినట్టు రాయిలా కొట్టించకండి. ట్యూబు ఉన్న 2.1 టైరుకు 30 నుంచి 35 పీఎస్‌ఐ చాలు. మట్టి బాటలో గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడి వేగం పోగొడుతుంది. టైరును సరిచేసి రాపిడిని నాలుగో వంతు తగ్గించగలిగితే, సన్నటి మిట్టలో కూడా అది రెండు కిలోలు తగ్గించినదాని కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: కంపెనీ కాగితంలో సైకిల్ బరువు 13.8 కిలోలని ఉంది. ఇంట్లో తూస్తే 14.6 వచ్చింది. మోసమా?
— అనంతపురం పాఠకురాలు

జవాబు: చాలా కంపెనీలు చిన్న లేదా మధ్య సైజు ఫ్రేమును పెడళ్లు లేకుండా తూచి రాస్తాయి. పెడళ్లే 350 నుంచి 450 గ్రాములు. ఇంట్లో తూయడం తేలిక: బండి ఎత్తుకుని కాటా మీద నిలబడి, ఆ అంకెలోంచి మీ బరువు తీసేయండి. మూడుసార్లు చేసి మధ్యది తీసుకోండి.

ప్రశ్న: గండికోట వైపు రాళ్ల బాటల్లో తొక్కుతా. నా బరువు 55. ముందు ఫోర్కు స్ప్రింగుది, దాదాపు 2.7 కిలోలు. దీన్ని మార్చి కిలో తగ్గించుకోవడం దండగా?
— జమ్మలమడుగు పాఠకుడు

జవాబు: మీరు డబ్బు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే. కారణం కిలో కాదు. ఈ ఫోర్కుల్లో స్ప్రింగును సుమారు 75 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. 55 కిలోలకు అది సగం కూడా దిగదు. షాకర్ మోస్తున్నారు గానీ వాడుకోవడం లేదు. గాలి ఫోర్కులో మీ బరువుకు తగ్గట్టు పీఎస్‌ఐ పెట్టుకోవచ్చు. ఫోర్కు కాలు మీద రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని కిందికి తోసి, బండి మీద మామూలుగా కూర్చుని దిగి చూడండి. 100 మిల్లీమీటర్ల ఫోర్కులో రింగు 20 నుంచి 25 మిల్లీమీటర్లు జరిగితే గాలి సరిపోయినట్టు.

కొనేముందు నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోండి: హ్యాండిల్ దాకా పోయే ఫోర్కు పై గొట్టం తిన్ననిదా, కిందికి లావయ్యేదా. ఇరుసు 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజా (లివరుతో వదులయ్యేది), 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిలా (హబ్బు గుండా దూర్చే లావు ఇరుసు). డిస్కు బ్రేకు బిగించే రకం. పాత ఫోర్కు ఎంత లోతు దిగుతుందో. ఇరుసు తేడా వస్తే చక్రం కూడా మార్చాలి, ఖర్చు రెట్టింపు. 80 మిల్లీమీటర్లు దిగే ఫోర్కు ఉన్నచోట 120ది వేస్తే హ్యాండిల్ లేచి, మిట్టలో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. కొత్త ఫోర్కు పై గొట్టం కోసేముందు పాతదాని పక్కన పెట్టి కొలవండి. పొట్టిగా కోసినదాన్ని ఎవరూ అతకలేరు.

ప్రశ్న: నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు తొక్కితే బండి రెండింతలు బరువవుతోంది. దీనికేమైనా టైరు ఉందా?
— ఆలూరు పాఠకుడు

జవాబు: లేదు. ఆ రోజు తారు రోడ్డెక్కండి. రేగడి టైరుకు అంటి, దాని మీద గడ్డి అంటి, ఫోర్కు సందులో ముద్ద కట్టుకుంటుంది. అది ఇబ్బందే గానీ ప్రమాదం వెనక ఉంది. మట్టి నిండిన డిరైలర్‌తో బలంగా తొక్కితే చైను పట్టేసి, డిరైలర్ మెలితిరిగి స్పోకుల్లో పడుతుంది. దారిలో చిక్కుకుంటే తొక్కకండి, నెట్టకండి. నెడితే ఇంకా చుట్టుకుంటుంది. భుజాన వేసుకుని గట్టుకు చేరి, పుల్లతో గీకండి. ఇంటికొచ్చాక బకెట్టు నీళ్లు, బ్రష్షు చాలు. వాటర్ సర్వీసింగులో గొట్టం హబ్బుల మీదికి పెట్టనివ్వొద్దు, గ్రీజు కొట్టుకుపోయి లోపలి బాల్స్ తుప్పు పడతాయి. చైను పొడిగా తుడిచి, లింకుకో చుక్క నూనె వేసి, పైకి కనిపించే నూనె గుడ్డతో తీసేయండి. మీ ప్రశ్నలో బరువు నిజంగానే ఎక్కువ. అక్కడ మోసే బండి 13 కిలోలైతే బాగుణ్ణనిపించడం సహజం.