మాడ్యూల్ తనంతట తాను లోడ్ కావట్లేదంటే, ముందు దాన్ని ఎవరు ఆపుతున్నారో చూడండి

లినక్స్‌లో చేత్తో మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్ని, అంటే సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్కని, లోడ్ చేసే కమాండ్) కొడితే నెట్‌వర్క్ కార్డు పనిచేస్తోంది, రీబూట్ చేస్తే మళ్లీ మొదటికొస్తోంది, బూట్‌లోనే లోడ్ అవ్వాలంటే ఆ లైను ఏ ఫైల్లో రాయాలి అని అడిగారు. ఎక్కడా రాయకండి. పీసీఐ కార్డుకైనా యూఎస్‌బీ పరికరానికైనా డ్రైవర్ వెతుక్కునే పని లినక్స్ ఎప్పటినుంచో తనే చూసుకుంటోంది. చూసుకోవట్లేదంటే మధ్యలో ఎవరో అడ్డం పడ్డారన్నమాట. నేను చూసినంతలో దాదాపు ప్రతిసారీ ఇదే కథ.

ఆఫీసులో ఒక పాత సర్వర్ నా నెత్తిన పడింది. బూట్ చివర్లో నడిచే దాని ఆర్‌సీ.లోకల్ స్క్రిప్టు ఫైలు తెరిస్తే స్లీప్ 20 (అంటే ఇరవై సెకన్లు ఆగు), కింద మోడ్‌ప్రోబ్, మళ్లీ స్లీప్, ఆ కింద నెట్‌వర్క్ రీస్టార్ట్. అన్నిటికీ పైన 'దయచేసి దీన్ని కదిలించొద్దు' అని కామెంట్. రాసిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. నెట్‌వర్క్ ఆలస్యంగా లేస్తోంది కాబట్టి షేర్డ్ ఫోల్డర్లు మౌంట్ అయ్యేవి కావు, దానికోసం క్రాన్‌లో, అంటే టైమ్ ప్రకారం పనులు నడిపే చోట, ఇంకో స్క్రిప్టు. కట్టు మీద కట్టు, లోపల పుండు అలాగే ఉంది.

ఆ లైన్లన్నీ ఆపేసి రీబూట్ చేసి, ఏ కార్డుకి ఏ డ్రైవర్ ఉందో చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ -కె కమాండ్ కొట్టాను. కార్డు కింద 'కెర్నల్ మాడ్యూల్స్' అన్న చోట సరైన పేరే ఉంది, 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైనే లేదు. అంటే ఏ డ్రైవర్ కావాలో మెషీన్‌కి తెలుసు, పిలవడం లేదంతే. ప్రతి పరికరం వెండర్ నంబరు, డివైస్ నంబరు కలిపి మోడ్‌అలియాస్ అనే ఒక పొడుగాటి పేరు చెప్పుకుంటుంది. పరికరాల సంగతి చూసుకునే యూడెవ్ అనే సర్వీసు దాన్ని తీసుకుని, డెప్‌మాడ్ అనే కమాండ్ తయారుచేసిన మాడ్యూల్స్.అలియాస్ ఫైల్లో సరిపోయే డ్రైవర్‌ని పట్టుకుని లోడ్ చేస్తుంది. ఇక్కడ ఆ దారిలోనే అడ్డుంది. మోడ్‌ప్రోబ్ సెట్టింగులుండే /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్లో 'బ్లాక్‌లిస్ట్' (ఈ మాడ్యూల్ని లోడ్ చేయొద్దని చెప్పే మాట) అని గ్రెప్‌తో వెతికితే ఒకే ఒక్క లైనున్న ఫైలు దొరికింది.

జరిగింది ఇది. ఎవరో ఒకప్పుడు కార్డు తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ని డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ని మళ్లీ బిల్డ్ చేసే టూల్) ఎక్కించారు. దాని ఇన్‌స్టాలర్, కెర్నల్‌తో వచ్చే డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పడేసింది. తర్వాత కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు బిల్డ్‌కి కావాల్సిన కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేక కొత్త కెర్నల్‌కి వాళ్ల మాడ్యూల్ బిల్డ్ కాలేదు. అదీ లేదు, ఇదీ లేదు. మరి చేత్తో కొడితే ఎందుకొచ్చింది? బ్లాక్‌లిస్ట్ ఆపేది అలియాస్ ద్వారా జరిగే లోడింగ్‌నే. పేరు పెట్టి పిలిస్తే మోడ్‌ప్రోబ్ దాన్ని పట్టించుకోదు. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. ఆ ఫైలు, డీకేఎంఎస్ ప్యాకేజీ తీసేసి, ఆ ఫైలు పాత కాపీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే ఫైళ్ల మూటలో, ఉండిపోకుండా దాన్నీ మళ్లీ తయారుచేసి రీబూట్ చేశాను. స్లీపులూ వద్దు, క్రాన్ స్క్రిప్టూ వద్దు.

పెట్టడం తెలిసి తీసేయడం తెలియని ఈ ఇన్‌స్టాలర్లంటే నాకు ఒళ్లుమంట. ఇంకా ఆర్‌సీ.లోకల్‌లో రాయమని చెప్పే పాత సలహాలంటే కూడా. బూట్‌నీ సర్వీసుల్నీ నడిపే సిస్టమ్‌డి ఉన్నచోట ఆ ఫైలుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోతే అసలు నడవనే నడవదు, అది మాత్రం ఎవరూ చెప్పరు.

బ్లాక్‌లిస్ట్ ఏమీ కనబడకపోతే, .కేఓ ఫైలు (మాడ్యూల్ ఉండే ఫైలు) మీరే బిల్డ్ చేసి కాపీ చేశారేమో చూడండి. అలాగైతే డెప్‌మాడ్ -ఏ కొట్టాలి, లేకపోతే అలియాస్ పట్టికలోకి దాని పేరే ఎక్కదు.

నిజంగానే పేరు రాయాల్సినవీ కొన్నున్నాయి. మదర్‌బోర్డు మీద టెంపరేచర్, ఫ్యాన్ స్పీడ్ చూపించే ఎన్‌సీటీ6775 లాంటి చిప్పులు పీసీఐ కార్డులా తమ పేరు చెప్పుకోవు, యూడెవ్‌కి తెలిసే దారే లేదు. అలాంటివాటికి /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి లో .కాన్ఫ్ ఫైలు పెట్టి, లైనుకో పేరు రాయండి. పేరు మాత్రమే. ఆప్షన్లు మోడ్‌ప్రోబ్.డి లోకి వెళ్లాలి. చాలామంది రెండూ ఒకేచోట కుక్కి, పనిచేయలేదని గోల పెడతారు.

మీది నెట్‌వర్క్ కార్డు కాబట్టి ముందు ఆ గ్రెప్ కొట్టండి. /లిబ్/మోడ్‌ప్రోబ్.డి లో కూడా వెతకండి, అందరూ వదిలేసేది అదే. వచ్చిన లైన్లు, ఎల్‌ఎస్‌పీసీఐ -కె అవుట్‌పుట్ ఇక్కడ పెడితే ఏ ఫైలు తీసేయాలో చెబుతాను.