చీలమండ పదేపదే మడత పడుతోంది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్ల క్రితం వాలీబాల్ ఆడుతుంటే కుడి కాలు మడత పడి బాగా వాచింది. క్రేప్ బ్యాండేజీ కట్టుకుని వారం రోజులు కదలకుండా ఉంటే తగ్గిపోయింది. కానీ అప్పటి నుంచి నెలకు ఒకటి రెండుసార్లు అదే కాలు మడత పడుతోంది. ఈమధ్య చదునైన నేల మీద నడుస్తున్నా పక్కకు ఒరిగిపోతోంది. ఎమ్మారై తీసి లిగమెంట్ చిరిగింది, సర్జరీ చేయించుకోమన్నారు. పది రోజులు ఫిజియోథెరపీ చేయించుకున్నా తేడా లేదు. ఆపరేషన్ అంటే చాలా టెన్షన్‌గా ఉంది. తప్పదా? మళ్లీ ఆడగలనా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘పది రోజుల ఫిజియోథెరపీ’. నాలుగేళ్లుగా బలహీనపడుతూ వచ్చిన కీలు పది రోజుల్లో కుదురుకోదు. ఆపరేషన్ గురించి నిర్ణయం తీసుకునే ముందు ఈ లోటు పూడ్చుకోవాలి.

చీలమండకు బయటివైపు మూడు లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలు ఉంటాయి. పాదం లోపలికి మడత పడినప్పుడు ముందుగా దెబ్బతినేది ముందువైపున్న సన్నటి లిగమెంటే. దెబ్బ గట్టిదైతే మడమ ఎముకకు వెళ్లే రెండోది కూడా చిరుగుతుంది. సరైన వ్యాయామం లేకుండా వదిలేస్తే అవి ఒక్కోసారి సాగిపోయి, వదులుగా అతుక్కుంటాయి. దానికి తోడు ఇంకో నష్టం జరుగుతుంది. పాదం ఎటు వంగుతోందో మెదడుకు తెలియజేసే నరాల కొసలు ఈ లిగమెంట్లలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే, కాలు ఒరుగుతున్న సంగతి అందక పిక్క బయటివైపు కండరాలు దాన్ని సకాలంలో వెనక్కి లాగలేవు. చదునైన నేల మీద కూడా మీరు తూలడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఈ రెండో నష్టాన్ని సరిచేసేది వ్యాయామమే, కత్తి కాదు. ఒంటికాలి మీద నిలబడటం, అది అలవాటయ్యాక కళ్లు మూసుకుని నిలబడటం, ఎలాస్టిక్ బ్యాండ్‌తో పాదాన్ని బయటికి నెట్టడం, మునివేళ్ల మీద లేవడం.. చూడ్డానికి చిన్నవే. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి. అలా చేసి ఆపరేషన్ అవసరం తప్పించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

అంత చేసినా కాలు మడత పడుతూనే ఉంటే ఆపరేషన్‌కు వెనకాడకండి. ఇలా మడత పడిన ప్రతిసారీ కీలు లోపలి మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఏళ్ల తరబడి సాగితే కీలు అరిగిపోవచ్చు. ఎమ్మారైలో చిరుగు కనిపించిందన్న ఒక్క కారణం మాత్రం చాలదు. డాక్టర్ మడమ పట్టుకుని పాదాన్ని ముందుకు లాగి, లోపలికి వంచి చూసినప్పుడు రెండో కాలికన్నా స్పష్టంగా వదులు ఉండాలి. మీకు ఆ పరీక్ష చేశారో లేదో రాయలేదు. చేయకపోతే అడిగి చేయించుకోండి.

సాధారణంగా చేసే ఆపరేషన్ పేరు బ్రోస్ట్రోమ్. స్వీడన్ సర్జన్ బ్రోస్ట్రోమ్ 1966లో వివరించిన పద్ధతి ఇది. సాగిపోయిన లిగమెంట్‌ను బిగించి ఎముకకు తిరిగి కుడతారు. 1980లో గౌల్డ్ అనే సర్జన్ చేసిన మార్పుతో పక్కనున్న గట్టి పొరను కూడా దానిపైకి లాగి కుట్టి బలం ఇస్తున్నారు. మీ కణజాలం బాగా పలచబడిపోయినా, ఒంట్లోని కీళ్లన్నీ పుట్టుకతోనే వదులుగా ఉన్నా ఈ పద్ధతి సరిపోకపోవచ్చు. అప్పుడు వేరే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) తెచ్చి కొత్త లిగమెంట్‌లా అమరుస్తారు. మడమ లోపలికి తిరిగి ఉంటే ఆ ఎముకను కూడా సరిచేయాలి. దాన్ని వదిలేసి లిగమెంట్ ఒక్కటే కుడితే మళ్లీ సాగిపోయే అవకాశం ఎక్కువ. మీ సర్జన్‌ను ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు సాధారణంగా స్లాబ్ (సగం పిండికట్టు), ఊతకర్రలు ఉంటాయి. తర్వాత చీలమండను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేకమైన బూట్ వేసుకుని క్రమంగా బరువు మోపిస్తారు. ఆరో వారం దాటాక అసలు వ్యాయామం మొదలవుతుంది. సర్జన్‌ను బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. పాదం పైభాగంలో తిమ్మిరి, కీలు బిగుసుకోవడం, కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమోనని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొగ తాగే అలవాటుంటే ఇప్పుడే మానేయండి, గాయం మానడం ఆలస్యమవుతుంది.

ఇక ఆట సంగతి. ఈ ఆపరేషన్ తర్వాత చాలామంది మళ్లీ ఆటల్లోకి వెళ్తారు. దానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. ఆపరేషన్ చేయించుకున్నా ఒంటికాలి వ్యాయామాలు తప్పవు కాబట్టి, వాటిని ఈ రోజే మొదలుపెట్టండి. ఈ మూడు నెలలూ వాలీబాల్ ఆపేసి, బయటికి వెళ్లేటప్పుడు లేసులు బిగించే యాంకిల్ బ్రేస్ వేసుకోండి. కాలు ఎన్నిసార్లు మడత పడిందో తేదీలతో రాసిపెట్టుకుని, ఆ కాగితంతో మళ్లీ మీ సర్జన్ దగ్గరకు వెళ్లండి.