జర్మనీలో అమ్మాయిల ఫుట్‌బాల్ కోచ్‌గా స్థిరపడొచ్చా? పోట్స్‌డామ్ నుంచి నాకు తెలిసింది

బీపీఈడీ అయిందని, చేతిలో ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సంఘం) ఇచ్చే డి లైసెన్స్ ఉందని, జర్మనీ వచ్చి అమ్మాయిల ఫుట్‌బాల్ కోచ్‌గా స్థిరపడొచ్చా అని అడిగారు. అక్కడ అమ్మాయిల జట్టు అంటే మగవాళ్ల జట్టులోకి ఎక్కడానికి మెట్టేనట, నిజమేనా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుని బతికే మనిషిని. 2013 నుంచి బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లో ఉంటున్నాను. మా అమ్మాయి పుణ్యమా అని ఆరేళ్లుగా ఇక్కడ ఒక చిన్న క్లబ్బులో పిల్లల జట్టుకు సహాయ కోచ్‌ని కూడా. ఆ అర్హతతోనే రాస్తున్నాను, అంతకంటే పెద్దగా ఊహించుకోకండి.

ముందు ఒకాయన గురించి చెప్పాలి. ఆయన్ని వదిలేసి ఈ ఊళ్లో మహిళల ఫుట్‌బాల్ గురించి ఎవరూ మాట్లాడలేరు. పేరు బెర్న్ట్ ష్రోడర్. ఒకే ఊళ్లో, ఒకే జట్టుకు, అంటే టుర్బీనె పోట్స్‌డామ్ మహిళల జట్టుకు, 1971 నుంచి 1992 దాకా, మళ్లీ 1997 నుంచి 2016 దాకా కోచ్. దిగిపోయేనాటికి ఆయన వయసు 73.

నేను వచ్చిన ఏడాదే ఆఫీసులో ఒకమ్మాయి బలవంతం మీద టుర్బీనె పోట్స్‌డామ్ మ్యాచ్‌కి వెళ్లాను. బాబెల్స్‌బెర్గ్‌లో కార్ల్ లీబ్‌క్నెష్ట్ స్టేడియం, అందరూ ముద్దుగా కార్లి అంటారు. చుట్టూ ఇళ్ల మధ్యలో ఉంటుంది, మన ఊళ్లలో మునిసిపల్ గ్రౌండ్ ఉన్నట్టు. ఆ చలిలో శాకాహారం తినే నాకు దొరికింది ఒక ఉప్పు బ్రెట్‌జెల్. ఆట సంగతి నాకేమీ అర్థం కాలేదు కానీ గీత పక్కన నిలబడ్డ తెల్లజుట్టు పెద్దాయన గొంతు మాత్రం డప్పులు ఆగినప్పుడల్లా మా మెట్లదాకా వినపడేది. మా కెమిస్ట్రీ లెక్చరర్ గుర్తొచ్చారు. నీ పేరు పిలవకపోయినా నిన్నే తిడుతున్నట్టు ఉంటుంది, చూశారా, ఆ గొంతు. పక్కనున్న అమ్మాయి చెప్పింది: "ఈయన మా అమ్మ పుట్టకముందు నుంచీ కోచే." ఎక్కువ చేసి చెప్తోందనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే నిజమే.

అది తూర్పు జర్మనీ కాలం. చాలా క్లబ్బులు ఏదో ఒక పరిశ్రమకు అనుబంధంగా ఉండేవి, పేరు వింటే ఏ పరిశ్రమో తెలిసిపోయేది. రైల్వే వాళ్ల జట్టు లోకోమోటివ్, వ్యవసాయం వాళ్లది ట్రాక్టర్, కరెంటు వాళ్లది టర్బైన్, అదే టుర్బీనె. మన కరెంటాఫీసు ఉద్యోగుల జట్టులాంటిదన్నమాట. ష్రోడర్ ఆ విద్యుత్ సంస్థలో ఇంజనీరు. 1970 చివర్లో మాటల మధ్య ఆడవాళ్ల జట్టు పెడదామన్న ఆలోచన పుట్టింది. సంస్థలో నోటీసు అంటించారు, ఆడాలనుకునే ఆడవాళ్లు పేర్లివ్వమని. 1971 మార్చి 3న జట్టు మొదలైంది. కోచ్ కావాలి కదా, ఈయన్ని నిలబెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి సరిహద్దు అవతల ఏం జరుగుతోందో చూడండి. పశ్చిమ జర్మనీలో ఫుట్‌బాల్ సంఘం 1955లో మహిళల ఆటను నిషేధించింది. ఈ ఆట ఆడదాని ఒంటికీ మనసుకీ చేటు, చూడ్డానికీ బాగుండదు అన్న ధోరణిలో ఉంది ఆ తీర్మానం. మన ఇళ్లలో వినని మాట కాదనుకోండి. 1970 అక్టోబరు 31న గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. 1989లో పశ్చిమ జర్మనీ మహిళలు యూరప్ చాంపియన్‌షిప్ గెలిస్తే సంఘం వాళ్లకిచ్చిన బహుమతి ఏమిటో తెలుసా? పింగాణీ కప్పులూ సాసర్లూ ఉన్న కాఫీ సెట్టు.

తూర్పున నిషేధం లేదు, అలాగని నెత్తిన పెట్టుకున్నదీ లేదు. ఆ ప్రభుత్వం డబ్బు కుమ్మరించింది ఒలింపిక్ పతకాలు తెచ్చే ఆటల మీద. మహిళల ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1996లో. కాబట్టి టుర్బీనె అమ్మాయిలు పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ఆడేవాళ్లు. కోచూ అంతే. ఆ పరిస్థితిలోనే 1981 నుంచి 1989 లోపు ఆరుసార్లు దేశ చాంపియన్లయ్యారు. తూర్పు జర్మనీ మహిళల జాతీయ జట్టు తన మొత్తం చరిత్రలో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. 1990 మే 9న, ఇదే కార్లిలో, చెకోస్లొవేకియా మీద 0-3తో ఓడింది. దానికీ కోచ్ ష్రోడరే. అక్టోబరుకల్లా ఆ దేశమే లేదు.

మీరు కెరీర్ అన్నారు కాబట్టి ఈ భాగం చెప్తున్నాను. ఇరవై ఏళ్లు కోచింగ్ చేసినా అది ఆయన ఉద్యోగం కాదు, ఉద్యోగం కరెంటు కంపెనీలో. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సైడు పని. దేశం మారింది, డబ్బు మారింది, లీగు మారింది. ఆయన మాత్రం ఊరు మారలేదు.

పాత తూర్పు జట్లు చాలావరకు రెండు జర్మనీల ఏకీకరణ తర్వాత కనుమరుగయ్యాయి. టుర్బీనె మిగిలింది. దేశంలో అన్నిటికంటే పై లీగు, మహిళల బుండెస్‌లీగా, 1997లో రెండు గ్రూపుల నుంచి ఒకే లీగుగా మారిన ఏడాదే ష్రోడర్ మళ్లీ కోచింగ్‌లోకి దిగారు. అక్కడినుంచి వరస చూడండి. 2004లో బుండెస్‌లీగా, జర్మన్ కప్పు రెండూ. 2005లో యూరప్ కప్పు, స్టాక్‌హోమ్ జట్టు యూర్గార్డెన్ మీద. 2006లో మళ్లీ లీగు, కప్పు. 2009 నుంచి 2012 దాకా వరసగా నాలుగుసార్లు లీగు. ఆ 2009ది తలుచుకుంటే ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్లకు చెమటలు పడతాయి. పాయింట్లు బయర్న్ మ్యూనిక్‌తో సమానం, గోల్ తేడాలో ఒక్కటంటే ఒక్క గోల్ ఎక్కువ.

అన్నింటిలో నాకిష్టమైంది 2010 ఫైనల్. నేను చూసింది తర్వాత వీడియోలోనే, కానీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మాడ్రిడ్ పక్కన హెటాఫెలో, ఆ యూరప్ కప్పుకి మహిళల చాంపియన్స్ లీగ్ అనే కొత్త పేరు పెట్టాక జరిగిన మొదటి ఫైనల్, ఎదురుగా ఫ్రాన్స్ జట్టు లియోన్. అదనపు సమయం తర్వాత కూడా 0-0. పెనాల్టీలు. టుర్బీనె గోల్‌కీపర్ అన్నా ఫెలిసిటాస్ జార్హోల్ట్స్‌కి అప్పుడు పదిహేడేళ్లు. మన దగ్గర ఇంటర్ చదివే పిల్ల. రెండు పెనాల్టీలు ఆపింది, తన వంతు వచ్చినప్పుడు తనే వెళ్లి ఒకటి కొట్టింది. చివరికి 7-6. అంత చిన్నపిల్లని ఫైనల్‌లో నిలబెట్టిన కోచ్‌కి ఎంత నమ్మకం ఉండాలి! లేదా ఎంత మొండితనం ఉండాలి. ఈయన విషయంలో రెండోది కూడా తక్కువేమీ లేదు.

ఎందుకంటే ఆయన పద్ధతులన్నీ నాకు నచ్చవు. పరుగులు, పరుగులు, ఇంకా పరుగులు. ఒంట్లో సత్తువ ముందు, మిగతాది తర్వాత. నోటికి అడ్డు ఉండదు, గెలిచిన రోజు కూడా మెచ్చుకోలు పొదుపే. ఇవాళ ఏ పిల్లల కోచింగ్ క్లాసులోనైనా ఆ గొంతుతో అరిస్తే పక్కకి పిలిచి మాట్లాడతారు. అయినా నడీన్ ఆంగరర్, ఆన్యా మిట్టాగ్, ఆరియానె హింగ్స్ట్ లాంటి వాళ్లు ఆ చేతికింద ఆడి ప్రపంచ స్థాయికి ఎదిగినవాళ్లే. ఊళ్లోని క్రీడా పాఠశాల కూడా పెద్ద అండ. అమ్మాయిలు అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఆడతారు, జట్టుకి కావలసిన కొత్త నీరు అక్కడినుంచే వచ్చేది.

తర్వాత కథ డబ్బుది. వోల్ఫ్స్‌బుర్గ్, బయర్న్ లాంటి పెద్ద క్లబ్బులు మహిళల జట్ల మీద ఖర్చు పెట్టడం మొదలెట్టాయి. 2013లో వోల్ఫ్స్‌బుర్గ్ ఒకే ఏడాది లీగు, కప్పు, చాంపియన్స్ లీగ్ మూడూ ఊడ్చేసింది. టుర్బీనె వెనక ఏ మగవాళ్ల క్లబ్బూ లేదు. 2016లో ష్రోడర్ దిగిపోయారు. 2023లో జట్టు రెండో డివిజన్‌కి జారింది, 2024లో పైకొచ్చి 2025లో మళ్లీ జారింది. ష్రోడర్ ఉంటే ఇలా జరిగేది కాదంటారు ఇక్కడ కొందరు. నేనలా అనుకోను. ఒకాయన గొంతుతో బడ్జెట్‌ని ఎంతకాలం ఆపగలం?

ఇక మీ రెండో ప్రశ్న, మెట్టు సంగతి. మరీ లూయిజె ఎటా పేరు వినే ఉంటారు. 2010లో ఆ యూరప్ కప్పు గెలిచిన టుర్బీనె జట్టులో ఆవిడ ఉంది. ఇరవయ్యారేళ్లకే ఆట మానేసి కోచింగ్‌లోకి వెళ్లింది, అబ్బాయిల జట్లకు నేర్పింది. 2023 నవంబరులో ఊనియోన్ బెర్లిన్ పురుషుల జట్టుకు సహాయ కోచ్ అయింది, పురుషుల బుండెస్‌లీగాలో ఆ స్థానంలోకి వచ్చిన మొదటి మహిళ. 2024 జనవరిలో హెడ్ కోచ్ మీద నిషేధం పడితే డార్మ్‌స్టాట్‌తో మ్యాచ్‌ని గీత పక్కన నిలబడి నడిపించింది, 1-0తో గెలిచారు. కాబట్టి దారి ఉంది. కానీ మోనికా ష్టాబ్ దారి కూడా చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ మహిళల క్లబ్బుని నిలబెట్టి, 2002లో మొట్టమొదటి యూరప్ మహిళల కప్పు గెలిపించి, తర్వాత బహ్రెయిన్, ఖతార్, సౌదీ మహిళల జట్లకు కోచింగ్ ఇచ్చింది. మగవాళ్ల జట్టువైపు చూడకుండానే సగం ప్రపంచం తిరిగింది. మెట్టు అన్నవాళ్లకి ఈవిడ పేరు చెప్పండి.

సరే, నా సొంత గోల. 2019లో మా అమ్మాయిని ఆరేళ్లప్పుడు క్లబ్బులో చేర్చాను. మూడో నెలలో కోచ్ వేరే ఊరికి వెళ్లిపోయాడు. తల్లిదండ్రుల్లో ఎవరైనా వస్తారా అంటే అందరూ బూట్లవైపు చూశారు. నేను పొరపాటున తలెత్తి చూశాను. అంతే, ఇరుక్కుపోయాను. మొదట్లో నా పని కోన్‌లు పెట్టడం, బంతుల్లో గాలి కొట్టడం, ఏడ్చేవాళ్లకి బూటు లేసులు కట్టడం. మొదటి మ్యాచ్‌లోనే పరువు పోయింది. టెన్షన్‌లో జర్మన్‌లో కుడి ఎడమ తారుమారు చేసి అరిచాను. పిల్లలు రెండు గుంపులుగా విడిపోయి గోల్ ముందు మైదానమంత ఖాళీ వదిలారు. గోల్ పడింది. ఆ కంగారులో నోట్లోంచి "వెనక్కి రండే!" అని తెలుగు వచ్చేసింది. మా అమ్మాయి ఒక్కతే పరిగెత్తుకొచ్చింది. ఆ సీజన్ ముగిసేసరికి ఆరుగురు జర్మన్ పిల్లలు ఒకరినొకరు "వెనకీ, వెనకీ" అని అరుచుకునేవాళ్లు. ఎదుటి జట్టు కోచ్ వచ్చి అదేం కోడ్ అని అడిగాడు కూడా.

నేను చూసినంతలో ఇక్కడ పద్ధతి ఇదీ. కింది స్థాయి క్లబ్బుల్లో కోచింగ్ సేవ లాంటిది. చేతికి వచ్చేది పెట్రోలు ఖర్చులంత. ప్రభుత్వం కూడా దాన్ని అలాగే చూస్తుంది. క్లబ్బు ఇచ్చే చిన్న మొత్తానికి పన్ను లేదు, 2021లో ఆ పరిమితిని ఏడాదికి 3000 యూరోలు చేశారు, 2026 నుంచి 3300. ఏడాదికి అన్నాను, గమనించండి, దానితో పోట్స్‌డామ్‌లో ఏడాది ఇంటద్దె కూడా గడవదు. పిల్లలతో పనిచేయాలంటే పోలీసు రికార్డు శుభ్రంగా ఉందన్న సర్టిఫికెట్ అడుగుతారు. లైసెన్సులు సి, బి, ఏ, ఆ పైన ప్రొ అని మెట్లుమెట్లుగా ఉంటాయి. పాఠాలు, పరీక్ష జర్మన్‌లో. మీ డి లైసెన్స్ మీకు పాఠం నేర్పే ఉంటుంది కానీ ఇక్కడ మొదటి రోజు మిమ్మల్ని చూసేది మీరు ఎనిమిదేళ్ల పిల్లతో వాళ్ల భాషలో మాట్లాడగలరా లేదా అని. ఇంకోటి, 2024-25 సీజన్ నుంచి చిన్నపిల్లల ఆట తీరు మార్చేశారు. చిన్న చిన్న జట్లు, చిన్న గోల్ పోస్టులు, పాయింట్ల పట్టిక లేదు. స్కోరు అడిగే నాన్నలకి ఇది అస్సలు మింగుడుపడటం లేదు, మీకు వాళ్లని ఓదార్చే పని కూడా ఉంటుంది.

నన్నడిగితే నేరుగా కోచ్ ఉద్యోగం వెతుక్కుంటూ రాకండి. చదువుకో, వేరే ఉద్యోగానికో రండి. స్పోర్ట్స్ సైన్స్‌లో మాస్టర్స్ అయితే మీ బీపీఈడీకి దగ్గరగా ఉంటుంది. వచ్చిన వారంలోనే దగ్గర్లోని క్లబ్బుకి వెళ్లి, అమ్మాయిల జట్టుకి మనిషి కావాలా అని అడగండి. కావాలనే అంటారు, రాసి పెట్టుకోండి. అక్కడ రెండేళ్లు కోన్‌లు పెట్టాక బి లైసెన్స్ గురించి మాట్లాడదాం.

జర్మన్ భాషలో బి1 స్థాయి పూర్తయ్యాక ఇక్కడే కామెంట్ పెట్టండి, బెర్లిన్ చుట్టుపక్కల ఎక్కడ అడగాలో చెప్తాను. ఇప్పటికి ఉంటాను, రేపు పొద్దున తొమ్మిదింటికి మాకు మ్యాచ్, బంతులు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి. పోయినసారి రెండింట్లో గాలి లేదు.