తలనొప్పి సంగతి అడగడం మరిచిపోకు

చిట్టితల్లీ,

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో స్టాఫ్ నర్సుగా చేరావని మీ అమ్మ చెప్పింది. రిజిస్టర్లు, మాత్రల లెక్క అక్కడివాళ్ళే నేర్పుతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి వచ్చే ఫంగస్ జబ్బుల సంగతి ఒక్కటే నేను రాస్తాను. టీబీ కోసం దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అని నాలుగు ప్రశ్నలు అందరూ అడుగుతారు. ఫంగస్ కోసం అడిగేవాళ్ళు తక్కువ.

ముందు నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి దాకా చూడు. పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని, గీకితే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది క్యాండిడా అనే ఫంగస్. అన్నం మింగేటప్పుడు రొమ్ము వెనక నొప్పి అంటే అన్నవాహికలోకి దిగిందనుకో. అప్పుడు నోట్లో రాసే మందు చాలదు, డాక్టరుగారు ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు రెండు మూడు వారాలు రాస్తారు. నోటిపూతకి మనుషులు తెగ కంగారుపడతారుగానీ దానితో ప్రాణం పోదు. సీడీ4, అంటే ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క, బాగా పడిపోయి ఉంటుందని మనకి ముందే చెబుతుంది, అంతే.

భయపడాల్సింది పైకి కనిపించని క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌కి. పావురాల రెట్టల్లో, మట్టిలో ఉంటుంది. గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, సీడీ4 100 లోపు పడినవాళ్ళలో మెదడు పొరలకి పాకుతుంది. మొదట వచ్చేది తలనొప్పి, అదీ వారం రెండు వారాలపాటు మెల్లగా పెరుగుతుంది. మెడ బిగుసుకోకపోవచ్చు, జ్వరం కూడా పెద్దగా ఉండకపోవచ్చు. మనవాళ్ళు డోలో వేసుకుంటారు, కళ్ళద్దాలు మార్చుకుంటారు, తగ్గకపోతే దిష్టి తీయించుకుంటారు. వాంతులై, చూపు రెండుగా కనిపించి, మాట తడబడ్డాక ఆటోలో తీసుకొస్తారు. అందుకే సీడీ4 తక్కువున్న ప్రతి మనిషినీ "తలనొప్పి ఉందా, ఎన్నాళ్ళ నుంచి?" అని నువ్వే అడుగు. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

తలనొప్పి లేకపోయినా క్రిప్టోకాకస్‌ని రక్తంలో పట్టే క్రాగ్ పరీక్ష ఉంది. సీడీ4 100 లోపు ఉంటే చేసి తీరాలి, 200 లోపు ఉన్నా చేస్తే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. స్ట్రిప్ మీద నిమిషాల్లో తేలిపోతుంది. తలనొప్పి రాకముందే, వారాల ముందే రక్తంలో పట్టేస్తుంది. పాజిటివ్ వస్తే వెన్నులో నీరు తీసి చూడాలి. ఆ మాట వినగానే నడుము పడిపోతుందని ఇంటికి బయల్దేరతారు. కూర్చోబెట్టి చెప్పు. మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగినవాళ్ళకి ఆ నీరు తీయడమే వైద్యం, తీశాక తలనొప్పి తేలికపడుతుంది.

మందు సంగతి. మా రోజుల్లో ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు రోజూ నరంలోకి ఎక్కిస్తూ, కిడ్నీలు, పొటాషియం చూసుకుంటూ రెండు వారాలు గడిపేవాళ్ళం. ఆఫ్రికాలో జరిగిన పెద్ద ట్రయల్ తర్వాత, 2022 నుంచి అదే మందులో లైపోసోమల్ రకం ఒక్క పెద్ద డోసు ఇచ్చి, ఫంగస్ మందులైన ఫ్లూసైటోసిన్, ఫ్లూకొనజోల్ 14 రోజులు వాడమంటున్నారు. మీ ఫార్మసీలో వీటిలో ఏవి ఉన్నాయో కేసు రాకముందే కనుక్కో. అర్ధరాత్రి వెతుక్కోవడం నరకం.

ఇంకోటి, ఇది చాలామంది తప్పుతారు. ఇప్పుడు హెచ్‌ఐవీ మందులు వీలైతే ఆ రోజే మొదలుపెట్టమంటున్నారు కదా. తలనొప్పి ఉన్న మనిషికి మాత్రం తొందరపడకూడదు. మెదడు ఫంగస్ అని తేలితే దాని వైద్యం మొదలైన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే హెచ్‌ఐవీ మందులు. ముందే ఇస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి ఒక్కసారిగా లేచి, మెదడులో వాపు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. "మందు ఇవ్వకుండా తిప్పుతున్నారు" అని ఇంటివాళ్ళు గొడవ పడతారు, ఓపిగ్గా చెప్పు.

ఊపిరితిత్తుల్లో వచ్చే ఇంకో ఫంగస్ న్యుమోసిస్టిస్. పొడి దగ్గు, నాలుగడుగులకే ఆయాసం. మొదట్లో ఎక్స్‌రే బాగానే కనిపించొచ్చు. కూర్చోబెట్టి ఆక్సిజన్ చూస్తే మామూలుగానే ఉంటుంది, వరండాలో నడిపించి చూస్తే పడిపోతుంది. దీనికి ఫ్లూకొనజోల్ పనిచేయదు, సెప్ట్రానే మందు. రాకుండా ఆపేదీ అదే. ఇన్ని మాత్రలేంటని దాన్ని మానేసేవాళ్ళే ఎక్కువ.

ఇలాంటి కేసుల్లో మందులు మధ్యలో ఆపేసి మళ్ళీ వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. తిట్టకు. తిడితే ఈసారి తలనొప్పి వచ్చినా రారు. వెంట వచ్చినవాళ్ళకి హెచ్‌ఐవీ సంగతి తెలియకపోవచ్చు, ప్రశ్నలు అడిగేటప్పుడు వాళ్ళని బయట కూర్చోమను. రోగి ఒప్పుకోకుండా ఆ మాట బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం కూడా చెబుతోంది.

మీ పెద్దమ్మ